“పాజిటివ్ వచ్చిందత్తయ్యా!”

గతేడాది వరలక్ష్మీ వ్రతం రోజు జరిగింది ఇది. పొద్దున్న ఆరింటికే ల్యాబ్‌కి వెళ్ళిన మా కోడలు పదింటికల్లా వచ్చేస్తానంది. కలశం పెట్టాను, తోరాలు కట్టి ఉంచాను, పదిన్నరైనా పిల్ల జాడ లేదు. అప్పుడు ఫోన్ మోగింది. గొంతు వణుకుతోంది. “అత్తయ్యా, టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ఇప్పుడే రాలేను, మీరు పూజ కానిచ్చేయండి” అని పెట్టేసింది.

పెళ్ళయి మూడేళ్ళయిన కోడలు, అదీ వ్రతం రోజున, ‘పాజిటివ్’ అని ఏడుపు గొంతుతో చెబితే ఏ అత్తగారికైనా ఏమనిపిస్తుందో మీరే చెప్పండి. నాకూ అదే అనిపించింది. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని మా ఆడపడుచు చెవిలో వేశాను. ఇంకేముంది, తాంబూలానికి వచ్చిన వాళ్ళందరికీ తెలిసిపోయింది.

ఒంటిగంటన్నరకు వచ్చింది, కళ్ళు వాచిపోయి. మా ఆడపడుచు ఎదురెళ్ళి బొట్టు పెట్టి, “ఈ సమయంలో ఇంతలా తిరగకూడదమ్మా” అంది. ఆ పిల్ల అయోమయంగా చూసి, “నాకు కాదు పిన్నిగారూ, నా సెల్స్‌కి” అంది.

పదిమందిలో తల కొట్టేసినట్టయింది నాకు. ఆ కోపంలో, “దానికా ఇంత ఏడుపు?” అనేశాను. కోడలు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి, అందరూ తిన్న కంచాలు తోమడం మొదలుపెట్టింది.

రాత్రి అందరూ వెళ్ళాక వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను, అసలేం జరిగిందని. మూడేళ్ళుగా మా ఇంట్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లని, ఏం చేస్తున్నావని నేను సరిగ్గా అడిగింది అదే మొదటిసారి.

తను పనిచేసేది కణాల మీద. ఒక కణంలో ఒక జన్యువుని పనిచేయకుండా చేసి, ఆ ఒక్క కణం నుంచే లక్షల కణాలు పెంచాలి. 37 డిగ్రీల పెట్టెలో ఉంచి, రెండు మూడు రోజులకోసారి వాటి ఆహారం మార్చాలి. వాటికి ఆదివారమని, పండగని తెలియదు కదా. అలా నాలుగు నెలలు పెంచుకొచ్చిన వాటిలో మైకోప్లాస్మా అనే బాక్టీరియా చేరింది. ఆవకాయ జాడీలో తడి తగిలితే బూజు కంటికి కనపడుతుంది. ఇది కనపడదు. కణాలున్న ద్రవం మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోపులో చూస్తే కణాలు బాగానే ఉన్నట్టుంటాయి. దానికి కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ లాంటి మందులు పనిచేయవు. పైకి అంతా బాగున్నట్టే ఉండి, లోపల కణాల తీరే మారిపోతుంది. అంటే ఆ నాలుగు నెలల్లో వచ్చిన ఏ ఫలితాన్నీ నమ్మడానికి లేదు. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో దాచుకున్నవి తీసి చూస్తే వాటిలోనూ అదే. పక్కవాళ్ళ కణాలకి పాకకుండా అన్నీ పారేసి, ఆ పెట్టె కడిగి వచ్చేసరికి ఒంటిగంట.

“నెలనెలా టెస్ట్ చేయాలత్తయ్యా. రెండు నెలలు వాయిదా వేశాను. తప్పు నాదే” అంది. ఒక నెల మా మేనకోడలి పెళ్ళి, ఇంకో నెల నా మోకాలి ఆపరేషన్. ఆ సంగతి తను అనలేదు, నాకే గుర్తొచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం కణాలు కాదు, నేనన్న మాట. ముప్ఫై ఏళ్ళు నేను భరించిన ప్రశ్న ఒకటుంది: “రోజంతా ఇంట్లో ఏం చేస్తావు?” తుడిచిన ఇల్లు సాయంత్రానికి మాసిపోతుంది, వండింది రాత్రికి అయిపోతుంది. చూపించడానికి ఏమీ మిగలదు కాబట్టి చేసిందేమీ లేదని లెక్క. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలిసిన నేనే, నా కోడలి నాలుగు నెలల పనిని అదే కాటాలో తూచాను. ఫలితం లేదు కనుక పనే లేదన్నాను.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. అదే వ్రతం రోజున మా అబ్బాయి, ఆఫీసులో ఏదో ప్రొడక్షన్ ఇష్యూ అని ల్యాప్‌టాప్ పట్టుకుని గదిలో కూర్చున్నాడు. వాడికి నేనే రెండుసార్లు కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. వాడిది ఉద్యోగం, తనది చదువేగా! నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్న పిల్ల తను. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్. ప్రభుత్వం దాన్ని పని అనుకునే డబ్బిస్తోంది. మనమే ఇంకా ‘చదువు’ అంటున్నాం. చదువు అంటే ఎప్పుడైనా పక్కన పెట్టొచ్చని మన లెక్క.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళు గడువు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకి అదనంగా మరో రెండేళ్ళు ఇవ్వొచ్చు. మొత్తం మీద 240 రోజుల ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు కూడా ఉంది. ఈ సంగతి తెలియగానే మా ఆడపడుచు, “ఇంకేం, అంత టైముంటే ముందు పిల్లల్ని కనేయొచ్చుగా” అంది. రిజిస్ట్రేషన్ గడువు పెరుగుతుంది గానీ, ఫెలోషిప్ మాత్రం ఐదేళ్ళకే ఆగిపోతుంది. ఆ తర్వాతి రోజులు ఎవరి డబ్బుతో, ఎవరి ఓపికతో గడవాలి? ఇంటివాళ్ళ ఓపికతోనే. ఎప్పుడు కనాలో వాళ్ళిద్దరూ అనుకుంటారు. ఆ లెక్కలోకి నేను వెళ్ళదలచుకోలేదు.

అలాగని కోడలు చేసిందల్లా నాకు నచ్చిందని కాదు. పోయిన నాలుగు నెలల్ని రెండు నెలల్లో తెచ్చుకోవాలని రాత్రి పదకొండు దాకా ల్యాబ్‌లో ఉండటం మొదలుపెట్టింది. తిండి లేదు, నిద్ర లేదు. ఓ రోజు గట్టిగానే చెప్పాను: “నువ్వు నిద్ర మానేస్తే కణాలు తొందరగా పెరుగుతాయా?” నవ్వేసింది, చాలా రోజుల తర్వాత. ఇంట్లో మనిషి మీద కోపం ల్యాబ్ మీద, ల్యాబ్ మీద కోపం ఒంటి మీద చూపిస్తే రెండూ బాగుపడవు.

ఇప్పుడు ఫ్రిజ్ మీద తన వారం పనుల కాగితం అంటిస్తోంది. కణాలకి ఆహారం మార్చే రోజులు చూసుకునే చుట్టాలింటికి వెళ్ళడం పెట్టుకుంటున్నాం. వారంలో మూడు సాయంత్రాలు వంట మా అబ్బాయిది. చారు నీళ్ళలా ఉన్నా ఎవరం పేరు పెట్టడం లేదు. ఆదివారం సాయంత్రం నాలుగు తర్వాత తను ల్యాబ్ మాటెత్తదు. “ఎప్పుడైపోతుంది?” అని నేనడగను. ఇక వ్రతమంటారా, ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో మరో శుక్రవారం చేసుకోవచ్చని పెద్దవాళ్ళే చెప్పారు. అమ్మవారికున్న పట్టువిడుపు మనకెందుకు ఉండకూడదు?

కాటలిన్ కారికో పేరు వినే ఉంటారు. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలకు దారి వేసిన పరిశోధనకి 2023లో నోబెల్ అందుకున్నావిడ. 1995లో ఆవిణ్ణి విశ్వవిద్యాలయంలో కింది హోదాకి దించారు. అయినా హంగరీలో ఉన్న వాళ్ళమ్మ, అక్టోబరు వస్తే నోబెల్ ప్రకటనల్లో కూతురి పేరొస్తుందేమోనని వినేదట. పేరు వచ్చేనాటికి ఆ తల్లి లేదు. అందరికీ నోబెల్ రాదు, మా కోడలికి రావాలనీ లేదు. కానీ చేతిలో ఏ ఫలితమూ లేని రోజుల్లో కూడా కూతురి పనిని పనిగా చూసిన ఆ తల్లి నాకు చాలాసార్లు గుర్తొస్తుంది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్ల ఉండే ఉంటుంది. ఈసారి కలిసినప్పుడు ఎప్పుడైపోతుందని కాకుండా, ఇవాళ ఏం చేశావని అడిగి చూడండి. సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు, నాకూ కాదు.

మొన్న గురువారం పప్పు పోపు వేస్తుంటే ఫోన్ చేసింది. “అత్తయ్యా, నెగటివ్ వచ్చింది! కొత్త సెల్స్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి.” ఆ రాత్రి సేమ్యా పాయసం చేశాను. నెగటివ్ వచ్చినందుకు పాయసమేమిటని మా ఆడపడుచు అడిగితే, కూర్చోబెట్టి మైకోప్లాస్మా గురించి మొత్తం నేనే చెప్పాను.