ఒప్పుకుంటే శిక్ష, బుకాయిస్తే రక్ష

అమెరికా కాలేజీ క్రీడల్లో ఆటగాడి బదులు ట్యూటర్ అసైన్‌మెంట్లు చేసిపెడితే జట్టుకే శిక్ష పడుతుంది. విశ్వవిద్యాలయమే పాఠం చెప్పని కోర్సులను ఏళ్ల తరబడి నడిపి, ఆటగాళ్లకు ఉదారంగా మార్కులు పంచితే జట్టు జోలికి ఎవరూ రారు. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం కేసులో 2017 అక్టోబరు 13న వెలువడిన నిర్ణయంతో తేలింది ఇదే. కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ నియమించిన విచారణ సంఘం అక్కడ మోసం జరగలేదని చెప్పలేదు. తమ నిబంధనల ప్రకారం ఉల్లంఘన జరిగినట్టు నిర్ధారించలేకపోతున్నామని చేతులెత్తేసింది. ఈ నిస్సహాయత ఆ నిబంధనలు రాసుకున్న తీరులోనే ఉంది. వాటిని రాసుకున్నది సభ్య విశ్వవిద్యాలయాలే.

ఆ కేసులో సాక్ష్యానికి కొదవ లేదు. న్యాయవాది కెనెత్ వైన్‌స్టీన్ 2014 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 1993 నుంచి 2011 వరకు ఆఫ్రికన్, ఆఫ్రో-అమెరికన్ అధ్యయన శాఖలో ‘పేపర్ క్లాసులు’ నడిచాయి. తరగతి జరగదు, అధ్యాపకుడు కనిపించడు, చివర్లో ఒక వ్యాసం ఇస్తే చాలు. ఆ వ్యాసాలను దిద్దింది ప్రొఫెసర్ కాదు, శాఖ కార్యాలయం చూసుకునే ఉద్యోగిని. రాతలో పస ఉన్నా లేకపోయినా మంచి గ్రేడే వచ్చేది. 3,100 మందికి పైగా విద్యార్థులు ఈ దారిన నడిచారు. విశ్వవిద్యాలయం మొత్తం మీద ఆటగాళ్లు నాలుగు శాతమే అయినా, ఈ క్లాసుల నమోదుల్లో దాదాపు సగం వాళ్లవే. ఆ ఉద్యోగిని 2009లో రిటైరయ్యాక, ఆటగాళ్ల చదువు చూసే సలహాదారులు ఫుట్‌బాల్ కోచ్‌ల ముందు ఒక ప్రజెంటేషన్ పెట్టారు. హాజరు కానక్కర్లేని, నోట్సు రాసుకోనక్కర్లేని, మెలకువగా ఉండాల్సిన పని కూడా లేని ఆ క్లాసులు ఇక లేవన్నది దాని సారాంశం. ఇంతకంటే ఏ రుజువు కావాలి?

అయినా విశ్వవిద్యాలయం బయటపడింది. ఆ క్లాసులు మామూలు విద్యార్థులకూ అందుబాటులో ఉన్నాయి కాబట్టి అది ఆటగాళ్లకు ప్రత్యేక లబ్ధి కాదన్నది దాని వాదన. జరిగింది విద్యా మోసమా కాదా అని తేల్చే అధికారాన్ని ఎన్‌సీఏఏ నిబంధనలు విద్యాసంస్థకే వదిలేస్తాయి. తనకు గుర్తింపునిచ్చే సంస్థకు రాసిన పత్రాల్లో మోసమేనని ఒప్పుకున్న విశ్వవిద్యాలయం, ఎన్‌సీఏఏ విచారణకు వచ్చేసరికి ఆ మాట పొరపాటున పడిందని చెప్పి, ఇచ్చిన గ్రేడ్లకు కట్టుబడి ఉన్నానంది. నిందితుడే న్యాయమూర్తి అయితే తీర్పు ఇలాగే ఉంటుంది.

దీని పక్కన మిస్సోరీ విశ్వవిద్యాలయాన్ని పెట్టి చూడాలి. అక్కడ ఒక ట్యూటర్ 12 మంది ఆటగాళ్ల కోర్సు పని చేసిపెట్టి, 2016లో తానే ఆ సంగతి బయటపెట్టారు. విశ్వవిద్యాలయం తప్పు ఒప్పుకుని విచారణకు సహకరించింది. 2019 జనవరిలో దాని ఫుట్‌బాల్, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ జట్లను సీజన్ చివరి పోటీల నుంచి నిషేధించారు. అప్పీలు చేసినా లాభం లేకపోయింది. ఈ రెండు కేసుల తేడా గురించి అడిగితే, నార్త్ కరోలినా తన కోర్సులను సమర్థించుకుందనీ మిస్సోరీ తప్పు అంగీకరించిందనీ విచారణ సంఘమే వివరణ ఇచ్చింది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానిది కూడా ఇంచుమించు ఇదే అనుభవం. ఒక విద్యార్థిని అక్రమంగా చేసిన సాయం కారణంగా 2012, 2013 సీజన్లలోని 21 ఫుట్‌బాల్ విజయాలను రికార్డుల నుంచి తుడిచేశారు. ఇదంతా చూసిన మరో విశ్వవిద్యాలయం న్యాయ సలహాదారు తన యాజమాన్యానికి ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు.

ఏది మంచి పాఠమో, ఏ వ్యాసానికి ఎంత మార్కు వేయాలో క్రీడా సంఘం నిర్ణయించడమేమిటని అధ్యాపకులు అడుగుతారు. వాళ్ల భయం న్యాయమైనదే. బాస్కెట్‌బాల్ షెడ్యూళ్లు చూసే యంత్రాంగం సిలబస్‌ల మీద పెత్తనం చేయకూడదు. కానీ చాపెల్ హిల్‌లో కాపాడటానికి బోధనా స్వేచ్ఛ ఎక్కడుంది? అక్కడ బోధనే లేదు. పాఠం బాగుందా లేదా అనేది అధ్యాపకుల విచక్షణకు సంబంధించిన ప్రశ్న. పాఠం జరిగిందా, పేపరు దిద్దింది అధ్యాపకుడేనా అనేవి రికార్డులు చూసి ఎవరైనా తేల్చగల ప్రశ్నలు. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండోలీజా రైస్ నేతృత్వంలోని కాలేజీ బాస్కెట్‌బాల్ కమిషన్ 2018లో ఈ లొసుగునే పట్టుకుంది. విద్యార్థులందరికీ లబ్ధి అందిందన్న వాదనతో ఏ సంస్థా మోసం కేసు నుంచి తప్పించుకునే వీలుండకూడదని సిఫార్సు చేసింది.

ఇప్పుడు ఆటగాళ్లకు డబ్బే ఇస్తున్నారు కదా, చదువు పేరుతో ఈ తంతు ఎందుకనేవారూ ఉన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. అందులో పెద్ద వాటా దక్కేది కొద్దిమంది తారలకే. కాలేజీ ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లలో వృత్తి క్రీడలకు చేరేది వందకు ఇద్దరి లోపే. మిగతావాళ్లకు జీవితాంతం తోడుండాల్సింది డిగ్రీయే. ఆ డిగ్రీని బోలుగా చేసి చేతికివ్వడం, అందునా నల్లజాతి యువకులు ఎక్కువగా ఉండే జట్లకు, నల్లజాతి చరిత్రను బోధించాల్సిన శాఖ నుంచే ఇవ్వడం, నా దృష్టిలో ఈ ఉదంతంలోని అతి పెద్ద ద్రోహం. ఆ శాఖలో నిజాయితీగా పాఠం చెప్పిన అధ్యాపకుల పరువూ దానితో పాటే పోయింది. తమకు చదువు అందలేదని ఇద్దరు మాజీ ఆటగాళ్లు 2015లో కోర్టుకెక్కితే, ఆటగాళ్ల విద్యా ప్రమాణాలకు చట్టపరంగా తనకు బాధ్యత లేదని ఎన్‌సీఏఏ వాదించింది. చదువు పేరు చెప్పి దశాబ్దాల పాటు ఆటగాళ్లకు జీతం నిరాకరించిన సంస్థ మాట అది!

ఎన్‌సీఏఏ చట్రం ఉన్నది ప్రధానంగా పోటీలో సమానత్వం కాపాడటానికి. చదువును కాపాడటం దానికి చేతకాదని పాతికేళ్ల కేసులు చెబుతున్నాయి. ఆ పని గుర్తింపు సంస్థలకు అప్పగించాలి. అయితే వాటి దగ్గరున్న అసలైన ఆయుధం గుర్తింపు రద్దు. దాన్ని ప్రయోగిస్తే ఫెడరల్ ఆర్థిక సాయం ఆగి, ఏ పాపం ఎరుగని వేలాది మంది విద్యార్థులు రోడ్డున పడతారు. అందుకే 2015లో చాపెల్ హిల్‌ను ఒక ఏడాది ప్రొబేషన్‌లో పెట్టి సరిపెట్టారు. ఈ రెండింటికీ మధ్య జరిమానాలు కావాలి. క్రీడల ఆదాయం నుంచి కోత వేసి, మోసపోయిన ఆటగాళ్లు మళ్లీ ఉచితంగా చదువుకునేందుకు ఆ డబ్బు కేటాయించాలి. తప్పు తానే బయటపెట్టిన సంస్థకు శిక్ష తగ్గాలి, సాక్ష్యం ఎదుట ఉన్నా బుకాయించిన సంస్థకు పెరగాలి. కొత్త ఒప్పందం కింద ఏర్పడిన కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ ఆటగాళ్లకు అందే చెల్లింపులను నిఘాలో పెడుతోంది. మార్కుల పట్టికల మీద అలాంటి నిఘా ఇప్పటికీ లేదు.