బిట్రగుంట గతి

చెన్నపట్టణమునుండి బెజవాడకు రైలుమార్గము సుమారు 431 కిలోమీటర్లు. ఆ మార్గమునకు ఇంచుమించు నడిమిభాగమున, నెల్లూరు దాటినపిమ్మట, కావలికి ముందు, బిట్రగుంట యున్నది. దారికి నడుమనుండుటయే ఆ యూరి భాగ్యము. తరువాత అదియే దాని దౌర్భాగ్యమును అయ్యెను. నేడు ఆ మార్గమున వేగముగ బోవు బండ్లలో కూర్చున్నవారిలో ఆ స్టేషను పేరును తలయెత్తి చదువువా రెందరు?

1899లో ఈ మార్గము పూర్తియైన నాటికి ఇంజననగా బొగ్గు తిని నీరు త్రావు మృగము. రెండువందల కిలోమీటర్లు పరుగిడునప్పటికి దాని పొయ్యి బూడిదతో పూడుకొనును, తొట్టిలో నీరు అడుగంటును, డ్రైవరును ఫైర్‌మనును అలసి సొలసి పోవుదురు. కావున నడిదారిలో లోకోషెడ్డు వెలసెను. బూడిద దులుపువారు, బాయిలరు కడుగువారు, ఫిట్టర్లు, బొగ్గు మోయువారు, గూడ్సుబండ్లను విడదీసి కూర్చువారు అచ్చట కాపురము లుండిరి. నడిరేయి కాల్‌బాయి లాంతరు చేతబట్టి వచ్చి డ్రైవరు తలుపు తట్టినగాని మద్రాసుబండి కదలదు. ఆ జీతములమీద అంగళ్లవారు, పూటకూళ్లవారు, పాలవారు, చాకలివారు, దర్జీలు బ్రదికిరి. మద్రాసు దక్షిణమహారాష్ట్ర కంపెనీ యేలుబడిలో పైకొలువులు దొరలకును ఆంగ్లో-ఇండియనులకును, బొగ్గుపార మనవారికిని దక్కెననుట దాచవలసిన సంగతి కాదు. 1944లో ప్రభుత్వము కంపెనీని తీసికొనెను. 1951లో దక్షిణ రైల్వే యేర్పడెను. 1966లో దక్షిణమధ్య రైల్వే వచ్చెను. యజమానులు మారిరి గాని పొగ మారలేదు.

పొగకు చేటు మూడినది మరియొకచోట. 1961నుండి చిత్తరంజన్ కర్మాగారము విద్యుత్తు ఇంజనులను చేయనారంభించెను. అచ్చటనే 1970లో బ్రాడ్‌గేజికి కడపటి ఆవిరియింజను తయారయ్యెను. దానికి 'అంతిమ సితార' యని పేరిడిరి. 1980 ప్రాంతమునకు మద్రాసు బెజవాడల నడుమ విద్యుత్తు తీగెలు పరచుట ముగిసెను. విద్యుత్తు ఇంజనుకు నడిదారిలో దాహము వేయదు.

మేము ఆవిరికై విలపించువారము కాము. మండు పొయ్యిముందు నిలిచి టన్నులకొలది బొగ్గు విసరినవాడు తన కుమారునకు ఆ పార కావలెనని కోరడు. మార్పువలన దేశమునకు బొగ్గు మిగిలెను, కాలము మిగిలెను. లాభము దేశమునది కాగా నష్టము ఒక్క యూరిదే యెట్లయ్యెనన్నది మా ప్రశ్న. న్యాయవాదవృత్తిలో భాగపంపకముల దావాలు చూచుచుందుము. ఉమ్మడి కుటుంబమున ఆస్తిని అందరికిని, అప్పును ఒక్క తమ్మునికిని వ్రాయించిన పెద్దను ఏ కోర్టును మెచ్చుకొనదు.

"మా ఉద్యోగులను వేరు షెడ్లకు మార్చితిమి, ఎవరి జీతమును పోలేదుగదా" యని అధికారులు బదులు చెప్పవచ్చును. ఉద్యోగికి బదిలీ యుత్తరువు వచ్చును. పాలమ్ముకొనువానికి ఏ యుత్తరువు వచ్చును? క్వార్టర్సు ఖాళీయైన వీధిలో దర్జీ ఎవరి కొలతలు తీసికొనును? ఉద్యోగిని లెక్కించి ఊరిని లెక్కింపని లెక్క సగము లెక్కయే.

ఇట్టి గతి మనకొక్కరికే పట్టినది కాదు. అమెరికాలో పశ్చిమ వర్జీనియాయందు థర్మండ్ అను రైలుపట్టణము కలదు. అచ్చటి అంగళ్ల వాకిళ్లు వీధివైపు గాక పట్టాలవైపే తెరచుకొనెడివి. 1930 జనాభాలెక్కలలో అచ్చటివారు 462 మంది, 2020లో అయిదుగురు! ఆవిరియింజనులతోపాటు చుట్టునున్న బొగ్గుగనులును సన్నగిల్లుటచేత అది మనకు సంపూర్ణ దృష్టాంతము కాదు. బిట్రగుంటకు ఇంకను జనము గలదు, పొలములు గలవు, వాకిటనే ప్రధానమార్గము గలదు. అదే జిల్లాలో 2008నుండి కృష్ణపట్నము రేవు పనిచేయుచున్నది.

కావున మా కోరిక మితమైనది. షెడ్డుకును యార్డుకును నాడు తీసికొన్న నేలను ఏ పనికి వినియోగింతురో రైల్వేవారు గడువుపెట్టి ప్రకటింపవలెను. వ్యాగనుల మరమ్మతుశాలయో, శిక్షణాలయమో, మరియేదియో వారి చిత్తము. పని లేదందురా, ఆ నేలను గ్రామపంచాయతికి కౌలుకిత్తురుగాక! మన యూరివారికిని ఒకమాట చెప్పక తప్పదు. కోరికలను ఎన్నికలనాటి సభలలో వినిపించి, ఫలితము తేలినపిదప మరచుట మనకు అలవాటైపోయినది. అర్జీ ముసాయిదా వ్రాయుటకు మేము సిద్ధముగ నున్నాము. షెడ్డులో పనిచేసినవారును, వారి పిల్లలును, అంగళ్లవారును సంతకములకు రావలెను. మొదటి సంతకము పాలవానిది కావలెనని మా యభిలాష.