ఉత్తమ ఉద్యోగి అవార్డు వంటింటి దాకా రావాలె

ఈసారి గోడ పత్రికలో నేను కథ గాని, పొడుపు కథలు గాని రాస్తలేను. నా అభిప్రాయం రాస్తున్నాను. చదివినంక మీ అభిప్రాయం కూడా ఒక కాగితం మీద రాసి దీని పక్కన అంటించండి.

ప్రతి సంవత్సరం ఆగస్టు 15న, జనవరి 26న జిల్లా కేంద్రంలో జెండా ఎగరేస్తారు. పెరేడ్ అయినంక బాగా పని చేసిన ఉద్యోగులను పిలిచి ప్రశంసా పత్రాలు ఇస్తారు. మరునాడు పేపర్లో ఫోటోలు వస్తయి. సెప్టెంబరు 5న ఉత్తమ ఉపాధ్యాయులకు శాలువా కప్పుతారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో ఆ తారీఖున పుట్టారు. 1962లో ఆయన రాష్ట్రపతి అయిన సంవత్సరం నుంచి ఆ రోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అంతకంటే ముందే, 1958 నుంచే, కేంద్ర ప్రభుత్వం మంచి టీచర్లకు జాతీయ అవార్డు ఇస్తున్నది. ఇప్పుడు ఆ అవార్డుతో వెండి పతకం, ప్రశంసా పత్రం, 50,000 రూపాయలు ఇస్తారు.

ఇది మంచి పద్ధతే. మా ఇంట్ల బడికి వచ్చింది నేనే మొదలు. మా అవ్వకు గాని, నాయనకు గాని సంతకం రాదు. నాతో అ ఆ లు దిద్దించిన టీచరుకు ఎంత పెద్ద పతకం ఇచ్చినా తక్కువే అని నేను అనుకుంటా. కాబట్టి టీచర్లకు అవార్డు వద్దు అని నేను అనడం లేదు. నా ప్రశ్న వేరే. హాస్టల్ బడి అంటే టీచర్లు ఒక్కరేనా?

ఊర్లో బడి పిల్లలు సాయంత్రం గంట కొట్టంగనే ఇంటికి పోతరు. ఇంట్ల అమ్మ ఉంటది, అన్నం ఉంటది. మనకు గంట కొట్టినంక ఇల్లు లేదు, హాస్టలే ఇల్లు. ఆ గంట నుంచి మళ్లీ పొద్దున ప్రేయర్ దాకా మనను చూసేది ఎవరు? వార్డెన్ మేడంతో పాటు వంట మనుషులు, కామాటి, వాచ్‌మన్ తాత, ఏఎన్ఎం అక్క. రిజిస్టర్లో వీళ్ల పేర్లు అన్నిటికంటే కింద ఉంటయి. మన దినంలో మాత్రం వీళ్లే అందరికంటే ముందు ఉంటరు.

మనం దుప్పటి ముసుగు తన్ని పండుకున్నప్పుడే వంటింట్ల పొయ్యి మండుతది. బియ్యం చేటల పోసి మట్టిగడ్డలు, పురుగులు ఏరుతరు. పెద్ద గంజులో అన్నం ఉడికినంక ఇద్దరు పట్టి దించాలె, గంజి వార్చాలె. ఆవిరి మొహానికే కొడతది. మన దగ్గర ఎండాకాలం ఎట్ల ఉంటదో మీకు తెలుసు. క్లాసుల ఫ్యాన్ కింద కూర్చున్నా మనకు చెమట పోస్తది. పొయ్యి ముంగట నిలబడే మనిషికి ఎట్ల ఉంటదో ఒక్కసారి ఆలోచించండి. కామాటి అక్క పని ఇంకా కష్టం. మోరీ నిండితే ఆమెనే తీయాలె. బాత్‌రూములు మనం కంపు చేసి వస్తే ఆమెనే కడగాలె. మనం ముక్కు మూసుకుంటం, ఆమెకు ముక్కు మూసుకునే వీలు లేదు, రెండు చేతులకూ పనే. వాచ్‌మన్ తాత వానాకాలంలో టార్చ్‌లైట్, కర్ర పట్టుకొని గదుల చుట్టూ తిరుగుతడు. ఎందుకంటే పాము పుట్ర మన గది లోపలికి రావద్దని.

ఏఎన్ఎం అక్క గురించి ఆడపిల్లలకు వేరే చెప్పే పని లేదు. జ్వరం వచ్చిన పిల్లకు రాత్రి గోలీ ఇచ్చేది ఆమె. పెద్దమనిషి అయ్యి భయపడే చెల్లెళ్లకు ధైర్యం చెప్పేది ఆమె. ఆ రోజు ఇంటికి ఫోన్ చేద్దామంటే మన అమ్మలు ఊర్లో ఉంటరా? మన తండాలల్ల చాలామంది అమ్మనాయనలు పూణె, ముంబయి, హైదరాబాదుకు పనికి పోతరు. పాలమూరు లేబర్ అని మనోళ్లకు దేశమంతా పేరు. వాళ్లు ఎక్కడెక్కడనో కాలువలు తవ్వుతరు, మేడలు కడుతరు. ఆ మేడ మీద వాళ్ల పేరు ఎవరూ రాయరు. రిబ్బన్ కత్తిరించినోళ్ల పేరు రాతి పలక మీద ఉంటది. మన అమ్మనాయనలకు జరిగేది మనకు బాధ అనిపిస్తే, మన హాస్టల్లో అదే పని మనం చేయవద్దు కదా. ఇక్కడ మనకు వండిపెట్టే వాళ్లు కూడా ఎవరో ఒకరి అమ్మలే.

మరి వీళ్లకు అవార్డు ఎందుకు రాదు? వీళ్ల పని తక్కువని కాదు. అవార్డు వచ్చే దారి వేరే ఉన్నది. జాతీయ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి టీచర్లే స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలె. తాను చేసిన పని గురించి రాయాలె, ఫోటోలు పెట్టాలె. టీచరుకు రాయడం వస్తది కాబట్టి రాస్తారు. వంట చేసే పెద్దమ్మ వేలిముద్ర వేస్తది. ఆమె దరఖాస్తు ఎట్ల పెడతది? అడగందే అమ్మయినా పెట్టదు అంటరు. అడగడం రాని వాళ్ల తరఫున ఎవరు అడగాలె? చదువు నేర్చిన మనమే అడగాలె. వాళ్ల అన్నం తిని నేర్చిన అక్షరాలు వాళ్ల కోసం ఒక పేజీ రాయకపోతే ఏం లాభం?

చిన్న ఉద్యోగికి, పేద కళాకారునికి పెద్ద గౌరవం వస్తదా అని కొందరు అడుగుతరు. వచ్చింది. నర్సుల కోసం కేంద్ర ప్రభుత్వం 1973 నుంచి ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు ఇస్తున్నది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా పని చేసే తేజావత్ సుశీల గారికి 2022 సంవత్సరం అవార్డు వచ్చింది. 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఇచ్చారు. ఇచ్చిన రాష్ట్రపతి గారు కూడా ఆదివాసీ ఆడబిడ్డే. ఇది నా మనసుకు చాలా నచ్చింది.

మన పక్కనే ఇంకో ముచ్చట ఉన్నది. మన కోస్గి ఉన్న నారాయణపేట జిల్లాలోనే దామరగిద్ద ఉన్నది. అక్కడి దాసరి కొండప్ప గారు బుర్రవీణ వాయిస్తారు. 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అదే సంవత్సరం యాదాద్రి భువనగిరి జిల్లా కేతావత్ సోంలాల్ గారికి కూడా పద్మశ్రీ వచ్చింది. ఆయన భగవద్గీతను మన బంజారా భాషలోకి తెచ్చారు. మన భాషకు లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాలలో రాశారు. పద్మ అవార్డులు 1954 నుంచి ఉన్నయి. ఇప్పుడు వాటికి ఏ పౌరుడైనా ఆన్‌లైన్‌లో పేరు పంపవచ్చు. అంటే చూసే కన్ను, రాసే చెయ్యి ఉంటే గౌరవం తండా దాకా కూడా వస్తది.

ఇప్పుడు నా మాటకు ఎదురు చెప్పే వాళ్ల గురించి రాస్తా.

కొందరు అంటరు, "అది వాళ్ల డ్యూటీ, జీతం తీసుకుంటుండ్రు, మళ్ల అవార్డు ఎందుకు?" అని. టీచర్లకు కూడా జీతం ఉన్నది, కలెక్టరాఫీసుల పని చేసే వాళ్లకూ ఉన్నది. జీతం ఉన్నోళ్లకు అవార్డు వద్దంటే ఎవరికీ ఇవ్వకూడదు. కొందరికి ఇచ్చినప్పుడు అందరినీ చూడాలె.

ఇంకొందరు అంటరు, "శాలువాతో కడుపు నిండుతదా?" అని. ఈ మాట నిజం. నేను దీన్ని కొట్టివేయను. 2025లో మన రాష్ట్రంలో గిరిజన హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలల్లో పని చేసే దినకూలీ వర్కర్లు జీతాల కోసం సమ్మె చేసిండ్రు. చాలామంది ఏండ్ల సంది పని చేస్తున్నా ఇంకా దినకూలీలే. కాబట్టి జీతం జీతమే, అవార్డు అవార్డే. జీతం సరిగ్గ ఇయ్యకుండా శాలువా కప్పితే అది మర్యాద కాదు, నోరు మూయించినట్టు అవుతది. ఇద్దరు చేసే పని ఒక్కరితో చేయించి, ఆ ఒక్కరికి ఉత్తమ ఉద్యోగి అని బిరుదు ఇస్తే రెండో పోస్టు ఖాళీగా ఉన్న సంగతి అందరూ మరిచిపోతరు. ముందుగాల జీతం నెల నెలా రావాలె, ఖాళీలు నింపాలె. దాంతో పాటు గౌరవం కూడా రావాలె. అన్నం పెట్టినంత మాత్రాన మనిషిని పేరు పెట్టి పిలువకుండా ఉంటమా? రెండూ కావాలె.

మూడో మాట, "అవార్డు పెడితే కొట్లాటలు అయితయి, నచ్చినోళ్లకే ఇస్తరు" అని. ఇది కూడా నిజమే. మనమే ఓటు వేస్తే ఏమైతదో నాకు తెలుసు. ఎవరు మనకు ఇంకో గరిటె కూర ఎక్కువ వేస్తే వాళ్లకే వేస్తం. బియ్యంల రాళ్లు ఏరిన ఆమె మన కంటికి కనబడది, ఎందుకంటే రాయి లేని అన్నంల రాయి కనబడదు కదా. మంచి పని చాలాసార్లు ఇట్లనే ఉంటది. పాము రాని రాత్రి వాచ్‌మన్ తాత ఏం చేసిండు అని ఎవరూ అడగరు. అట్లనే వంతుల వారీగా ఈ ఏడు నీకు, వచ్చే ఏడు నాకు అని పంచుకుంటే దానికి విలువ ఉండదు. అందుకని ఎంచుకునే పద్ధతి మంచిగ ఉండాలె. నా సలహాలు ఇవి:

1. ప్రతి తరగతి నుంచి చీటీలు రాయాలె. పేరు ఒక్కటే రాస్తే చెల్లదు. "మంచి మనిషి" అని రాసినా చెల్లదు. ఎవరూ చూడనప్పుడు ఆమె గాని ఆయన గాని ఏ పని చేసిండ్రో రాయాలె.

2. చీటీలు చదివేటందుకు ఒక టీచరు, వార్డెన్ మేడం, ఇద్దరు విద్యార్థినులు, పని చేసే వాళ్ల నుంచి ఒకరు కూర్చోవాలె. ఎవరి పని ఎంత కష్టమో తోటి పని వాళ్లకే ఎక్కువ తెలుసు.

3. పర్మినెంటు, ఔట్‌సోర్సింగ్, దినకూలీ అని తేడా చూడకూడదు.

4. జనవరి 26న జెండా దగ్గర, అందరి ముంగట, వాళ్లు చేసిన పనిని పూర్తిగా చదివి వినిపించాలె. శాలువా లేకున్నా మంచిదే. చదివిన కాగితం మీద హెడ్మాస్టర్ గారి సంతకం, ముద్ర ఉండాలె. రేపు ఇంకో చోట పనికి పోతే ఆ కాగితం చూపించుకోవచ్చు. చదువు రాని వాళ్లకు అది సర్టిఫికెట్ లెక్క.

5. ఆ కాగితం నకలు జిల్లా ఆఫీసుకు పంపాలె. జిల్లా వాళ్లు ఉత్తమ ఉద్యోగుల లిస్టు తయారు చేసేటప్పుడు మన హాస్టల్ వంటింటి నుంచి కూడా ఒక పేరు వాళ్ల ముంగట ఉంటది. ఇస్తరో ఇయ్యరో వాళ్ల ఇష్టం. మనం పంపకపోతే మాత్రం రానే రాదు.

ఇంకో చిన్న మాట నా తోటి విద్యార్థినులకు. అవార్డు సంవత్సరానికి ఒక్కసారే వస్తది. మర్యాద రోజుకు మూడు పూటలు ఇయ్యవచ్చు, దానికి ఎవరి పర్మిషన్ అవసరం లేదు. ప్లేటుల అన్నం వదిలేసి పోకుండ్రి. మోరీల జుట్టు, కాగితాలు వేయకుండ్రి. "ఓ వంటామె" అని పిలువకుండ్రి. అక్కా, పెద్దమ్మా, తాతా అని పిలువుండ్రి. అట్ల పిలువకుండా జనవరి 26న చప్పట్లు కొడితే ఆ చప్పట్లకు విలువ ఉండదు.

హెడ్మాస్టర్ గారు, వార్డెన్ మేడం గారు ఈ విషయం ఆలోచించాలని నా మనవి. మొదటి చీటీ నేను రాసి పెట్టుకున్నాను. అందులో పేరు ఎవరిదో ఇప్పుడు చెప్పను. డబ్బా పెట్టిన రోజు వేస్తాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి