కిలిమంజారో చౌక బేరం

ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పనిసరిగా కనిపిస్తుంది. ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన ఉహురు శిఖరం, అక్కడి చెక్క బోర్డు, పెదవులు పగిలిన ఒక యువకుడో, విద్యార్థినో, చేతిలో మువ్వన్నెల జెండా, దాని పక్కన దాత ముఖం అచ్చేసిన ఫ్లెక్సీ. ఎత్తు 5,895 మీటర్లు. ఎక్కినవారి పట్టుదలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ ఫొటో వెనక సాగుతున్న వ్యాపారాన్ని ఇక చూస్తూ ఊరుకోలేం. మోసేవాడి కూలి కోసి, ఎక్కేవాడికి దక్కాల్సిన రోజులు కోసి కిలిమంజారోను చౌకగా అమ్ముతున్నారు. ఆ సరుకు కొంటున్నవాళ్లలో మనమూ ఉన్నాం.

టాంజానియాలోని ఈ పర్వతాన్ని ఎవరూ ఒంటరిగా ఎక్కరు. లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా పార్కు గేటు దాటనివ్వరు. గైడ్ వెనక వంటమనిషి, వాళ్ల వెనక ఒక్కో యాత్రికుడికి ముగ్గురు నలుగురు చొప్పున మోతగాళ్లు. గుడారాలు, గ్యాస్ సిలిండర్, బియ్యం, కోడిగుడ్లు, నీళ్ల క్యాన్లు, భోజనాల బల్ల, మడత కుర్చీలు, ఖర్చు పెట్టగలిగినవారికైతే మరుగుదొడ్డి కూడా మనిషి తల మీదే కొండెక్కుతుంది. పొద్దున యాత్రికులు బయల్దేరాక మోతగాళ్లు గుడారాలు పీకి, మూటలు కట్టి, దారిలో వాళ్లను దాటుకుపోతారు. యాత్రికులు చేరేసరికి పై మజిలీలో గుడారాలు లేచి ఉండాలి, టీ కాగుతూ ఉండాలి. స్థానికులు ఈ మోతగాళ్లను ‘వగుము’ అంటారు, గట్టివాళ్లని. వాళ్లది ఎంత గట్టి ఒళ్లయినా రాత్రి సున్నాకు దిగువన ఉండే చలిలో పల్చటి చొక్కాతో, అరిగిపోయిన బూట్లతో పడుకునే శక్తి ఏ ఒంటికీ ఉండదు.

ఇక లెక్కకు వద్దాం. ఏడు రోజుల యాత్ర అనుకోండి. విదేశీయుడికి పార్కు రుసుము రోజుకు 70 డాలర్లు, గుడారం వేసుకున్నందుకు రాత్రికి 50, ఆపదలో కిందికి దించే ఏర్పాటుకు యాత్ర మొత్తానికి 20. మొత్తం 810 డాలర్లు. దాని మీద 18 శాతం పన్ను. అంటే దాదాపు 955 డాలర్లు టాంజానియా సర్కారు ఖజానాకే పోతాయి. అందులో బేరం లేదు. మోతగాడి రోజుకూలి 20,000 షిల్లింగులకు తగ్గకూడదన్నది వాళ్ల సంక్షేమం చూసేవారు ఏళ్లుగా చెబుతున్న రేటు. డాలర్లలో చెప్పాలంటే ఏడెనిమిది. ముగ్గురికి ఏడు రోజులంటే 21 పనిదినాలు, 160 డాలర్ల పైచిలుకు. ఆపైన గైడ్, వంటమనిషి, అందరి తిండి, మోషి పట్టణం నుంచి గేటు దాకా బండి, ముందూ వెనకా హోటల్ గది, మోషిలో ఏజెంటు లాభం, ఇక్కడ ఏజెంటు కమీషన్.

ఇప్పుడు 1,200 డాలర్లకే కిలిమంజారో అన్న ప్రకటన చూడండి. పార్కుకు కట్టగా మిగిలేది 250 డాలర్లు కూడా ఉండదు. అందులో ఇన్ని ఖర్చులు ఎలా ఇముడుతాయి? ఇమడవు. సర్కారు రుసుము తగ్గదు, గ్యాస్ ధర తగ్గదు, ఏజెంటు తన లాభం వదులుకోడు. తగ్గించడానికి వీలున్నవి రెండే: మోతగాడి కూలి, యాత్ర రోజులు. మొదటిది ఒకరి వీపు మీద పడుతుంది. రెండోది మరొకరి ఊపిరితిత్తుల మీద, మెదడు మీద పడుతుంది.

కూలి ఎలా కోస్తారో మోషిలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పిన రేటులో సగమో, అంతకన్నా తక్కువో చేతిలో పెట్టడం ఒక పద్ధతి. కూలే ఇవ్వకుండా ‘టిప్పులొస్తాయిలే’ అని కొండెక్కించడం ఇంకో పద్ధతి. పని దొరకాలంటే గైడ్‌కు ముందే లంచం ముట్టజెప్పాలి. చివరి రోజు యాత్రికులు ఇచ్చే టిప్పు మొత్తం ఒకే కవరులో గైడ్ చేతికి పోతుంది. అందులో ఎంత ఉందో, తన వాటా ఎంతో మోసినవాడికి తెలియదు. పైన రోజుకు ఒక్కపూట తిండితో సరిపెట్టే కంపెనీలు ఉన్నాయి. యాత్రికులు భోంచేసిన గుడారంలోనే, వాళ్లు లేచిపోయాక, చెమ్మ నేల మీద పదిమందీ ఒకరినొకరు ఆనుకుని పడుకునే బృందాలు ఉన్నాయి. మన మిర్చి యార్డులోని హమాలీకి బస్తాకు రేటు ఎంతో తెలుసు, అది చాలకపోతే పని ఆపి గేటు ముందు కూర్చుంటాడు. నాలుగు వేల మీటర్ల ఎత్తున, మంచులో, ఇంటికి రెండు రోజుల నడక దూరంలో ఉన్నవాడు ఎవరి ముందు కూర్చోవాలి?

మోతకు 20 కిలోల పరిమితి ఉంది. గేటు దగ్గర తూకం వేస్తారు. ఆ తూకం అయ్యాక దారిలో బరువులు చేతులు మారతాయి. కొందరిని మధ్యలోనే వెనక్కి పంపి, వాళ్ల మూటలు మిగిలినవాళ్ల తలకెత్తుతారు. ఆ పూట నుంచి ఒక మనిషి కూలి కంపెనీకి మిగులుతుంది. ఇక్కడ టాంజానియా ప్రభుత్వాన్ని సూటిగా అడగాలి. యాత్రికుడి దగ్గర నుంచి రావాల్సిన ప్రతి డాలరునూ గేటు దాటకముందే రాబట్టుకునే యంత్రాంగం మీకుంది. ఏ రోజు ఎవరు ఏ మజిలీలో ఉన్నారో రిజిస్టరులో రాయించుకునే సిబ్బంది ఉన్నారు. అదే గేటులో, అదే రిజిస్టరు పక్కన, దిగివచ్చిన మోతగాడికి కూలి ముట్టిందా లేదా అని అడిగి సంతకం తీసుకోవడం ఎందుకు చేతకావడం లేదు? రుసుము ఎగ్గొట్టిన కంపెనీని పార్కు ఒక్కరోజు సహించదు. కూలి ఎగ్గొట్టిన కంపెనీకి మాత్రం సర్కారు ఏటేటా లైసెన్సు కొత్తగా ఇస్తూనే ఉంది.

ఇది చేయలేని పని కాదు. 2003 నుంచి కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ మోషిలో పనిచేస్తోంది. మోతగాళ్లకు చలిబట్టలు ఉచితంగా అరువిస్తుంది. కూలి, తిండి, గుడారం, బరువు విషయాల్లో ప్రమాణాలు పాటిస్తామని ముందుకొచ్చిన కంపెనీల యాత్రలను మోతగాళ్ల నుంచే సమాచారం తీసుకుని పరిశీలిస్తుంది. నిలబడినవాళ్ల పేర్లు బయటపెడుతుంది. ఆ జాబితాలోని కంపెనీలు దివాలా తీయలేదు. స్వచ్ఛంద సంస్థ తన పరిధిలో చేస్తున్న పనిని చట్టం చేతిలో ఉన్న సర్కారు చేయకపోవడానికి సాకు లేదు.

ఇక రోజుల సంగతి. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. మరంగు దారిలో ఐదు రోజుల యాత్ర చూడండి. మొదటి రాత్రి మందారా గుడిసెలు, సుమారు 2,700 మీటర్లు. రెండో రాత్రి హోరొంబో, 3,700. మూడో రాత్రి కిబో, 4,700. అదే అర్ధరాత్రి లేపి, తలకు దీపం కట్టించి, 5,895 మీటర్ల వైపు నడిపిస్తారు. రోజుకు వెయ్యి మీటర్లు! శిఖరం మీద గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే. తలనొప్పి, వాంతులతో మొదలైనది ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా, మెదడు వాచి నడక తడబడేదాకా పోతుంది. అప్పుడు ప్రాణం కాపాడేది వెంటనే కిందికి దిగడమే. గైడ్లు దారి పొడవునా ‘పోలె పోలె’, మెల్లగా మెల్లగా అంటూనే ఉంటారు. ఐదు రోజుల టికెట్టు కొన్నవాడికి మెల్లగా నడిచే వీలెక్కడిది? ఒక రోజు పెరిగితే పార్కు రుసుమే 140 డాలర్లకు పైగా పెరుగుతుంది, పన్నుతో కలిపి. ఆ డబ్బు మిగుల్చుకోవడానికే ఆ రోజును కోసేస్తున్నారు.

ఇదే చోట మన సొంత తప్పు ఇంకా పెద్దది. పదేళ్లలోపు పిల్లలకు ఈ శిఖర యాత్రకు అనుమతి లేదన్నది పార్కు నియమం. ప్రత్యేక అనుమతుల పేరుతో ఆ నియమాన్ని వంచుతున్నారు. ఆ వంపులోంచి 2018 నుంచి ఏడేళ్ల, తొమ్మిదేళ్ల తెలుగు పిల్లలు కూడా పైకి వెళ్లారు. వాళ్ల ధైర్యాన్ని పొగుడుతూ పత్రికలన్నీ రాశాయి. ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. కళ్లు తిరుగుతున్నాయో, నిద్ర ముంచుకొస్తోందో, భయమేస్తోందో విడమరచి చెప్పలేని వయసు అది. నాన్న ముఖం చిన్నబోతుందని నొప్పిని మింగేసే వయసు. అలాంటి బిడ్డను అర్ధరాత్రి గడ్డకట్టే చలిలో 4,700 మీటర్ల నుంచి పైకి నడిపించాల్సిన అవసరం ఏమిటి? అత్యంత పిన్నవయసు అన్న మాట తప్ప జవాబు లేదు. ఆ మాటకు అంతం కూడా లేదు. ఒకరు ఏడేళ్లకు ఎక్కితే మరొకరు ఆరేళ్లకు ఎక్కించాలని చూస్తారు. క్షేమంగా దిగివచ్చిన పిల్లలను చూపి ప్రమాదం లేదనడం, హెల్మెట్ లేకుండా ఇల్లు చేరినవాణ్ని చూపి హెల్మెట్ ఎందుకనడమే.

పూర్ణను చూడమంటారు చాలామంది. నిజంగా చూడండి. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ పొందింది. గురుకులాల విద్యార్థులనుంచి వడపోసి, నెలలతరబడి తీర్చిదిద్ది పంపారు. కిలిమంజారో ఆమె ఎక్కింది 2016లో, ఎవరెస్టు తర్వాత. పదమూడేళ్లకు ఎవరెస్టు పంపడం సరైనదా కాదా అన్న చర్చ వేరే ఉంది. కానీ ఆ సన్నద్ధతలో వెయ్యోవంతు లేకుండా, సెలవులు చూసుకుని, చందాలు పోగేసుకుని, చౌక ఏజెంటు చేతిలో పెట్టి పంపడానికి ఆమె పేరు వాడుకోవడం ఆమెకే అవమానం.

ఈ విషయంలో తిలాపాపం తలా పిడికెడు. కొండ కింద ఏం జరుగుతుందో తెలిసీ ధర ఒక్కటే చూపించి అమ్మే ఏజెంట్లది ఒక పిడికెడు. రెండు లక్షలో, మూడు లక్షలో చెక్కు అందించి, ఆ డబ్బులో ఎంత ఎవరికి పోతుందో అడగకుండా ఫొటో కోసం నిలబడే ప్రజాప్రతినిధులది, కంపెనీలది మరో పిడికెడు. శిఖరం మీద తమ ఫ్లెక్సీ కనిపిస్తే చాలనుకునేవాళ్లకు, దాన్ని పైకి మోసిన మనిషి పేరు అక్కర్లేదు. మా వృత్తివాళ్లది చిన్న పిడికెడేం కాదు. ఎన్ని రోజుల్లో ఎక్కారు, ఏ దారిలో, ఏ కంపెనీతో, ఎందరు మోశారు? పత్రికలు ఇవేవీ రాయవు.

‘ఇలా నిలదీస్తే నష్టపోయేది ఆ మోతగాళ్లే, యాత్రికులు రాకపోతే వాళ్ల పొట్ట కొట్టినట్టే’ అని కొందరంటారు. ఆలోచించాల్సిన మాటే. ఆ కొండ వాలుల్లో ఉండే చగ్గా ప్రజలు కాఫీ పండించేవారు. తమ పంటకు గిట్టుబాటు ధర దక్కించుకోవడానికి 1933లోనే సహకార సంఘం పెట్టుకున్న రైతులు వాళ్లు. తర్వాత కాఫీ ధరలు పడిపోయాయి, కమతాలు తరంతరం చీలి చిన్నవయ్యాయి. కుర్రాళ్లు మూటలెత్తుకున్నారు. గేటు బయట పని కోసం నిలబడే మందలో ఒకణ్ని కాదంటే పదిమంది సిద్ధం. ఆ అవసరాన్ని ఆసరా చేసుకునే కంపెనీలు కూలి కోస్తున్నాయి. అందుకే మేము యాత్ర మానమనడం లేదు. సరైన ధర కట్టి ఎక్కమంటున్నాం. కొనేవాడు చౌక బేరాన్ని కాదంటే అమ్మేవాడు దాన్ని నిలబెట్టలేడు. పార్కు గేటు దగ్గర నిలబడినవాడికి కాదనే శక్తి లేదు. హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో, డాలస్‌లోనో కూర్చుని డబ్బు కట్టేవాడికి ఉంది.

1889లో హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ ఈ శిఖరం మీద తొలిసారి అడుగుపెట్టారని పుస్తకాలు చెబుతాయి. వాళ్ల వెంట నడిచినవాడిగా మరంగు వాసి యొహాని లావువోకు గుర్తింపు దక్కడానికి నూరేళ్లు పట్టింది. ఇప్పుడు మోస్తున్నవాళ్లు అంతకాలం ఆగాల్సిన అగత్యం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా శాఖలు, గురుకుల సంస్థలు, కలెక్టర్లు పర్వతారోహణకు సాయం మంజూరు చేసేటప్పుడు దరఖాస్తుకు ఒక కాగితం జతచేయమనాలి. అందులో యాత్ర ఎన్ని రోజులు, రాత్రి మజిలీల ఎత్తులు ఎంతెంత, మోతగాళ్లు ఎందరు, ఒక్కొక్కరికి రోజుకూలి ఎంత, అది ఎవరి చేతికి ఎప్పుడు అందుతుంది అన్నవి ఏజెంటు సంతకంతో ఉండాలి. ఏడు రోజులకు తగ్గిన యాత్రకు, పదేళ్లలోపు పిల్లల యాత్రకు ఒక్క రూపాయి ప్రజాధనం ఇవ్వకూడదు. సొంత డబ్బుతో వెళ్లేవారు ఇవే ప్రశ్నలు అడ్వాన్సు కట్టకముందు అడగాలి. టిప్పును కవరులో పెట్టి గైడ్‌కు ఇవ్వకుండా, మొత్తం ఎంతో అందరి ముందు పైకి చెప్పి, ఎవరి వాటా వాళ్ల చేతిలో పెట్టి రావాలి. పత్రికలు ఆ కాగితంలోని వివరాలు లేని శిఖర వార్తను అచ్చువేయకూడదు.