మన తాతకు బుల్లెట్ లేదు

వార్షికోత్సవానికి వచ్చే మన పూర్వ విద్యార్థుల బండ్లలో ఇప్పుడు బుల్లెట్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. కొన్నది నిన్న మొన్న, రూపం మాత్రం తాతల నాటిది. తమ్ముళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతూ "నౌకరి రాగానే ఇదే కొంట" అంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

పాత రూపంతో కొత్త బండ్లు అమ్మడం పెద్ద వ్యాపారమైంది. 2009లో క్లాసిక్ 350 వచ్చింది. ఒకప్పుడు మైసూరులో తయారైన జావా 2018లో తిరిగొచ్చింది. మన నాన్నల కాలపు చేతక్ 2020లో బ్యాటరీ స్కూటరుగా వచ్చింది. వీటిలో మంచి లేదని అనను. బటన్ నొక్కితే స్టార్టవుతాయి. రాత్రిపూట జగిత్యాల - కోరుట్ల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే కాపాడేది డిస్క్ బ్రేకే గాని పాత అందం కాదు.

మరి అసలు పాత బుల్లెట్? ఇంటర్ సెలవుల్లో కోరుట్లలో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేశాను. రిటైరైన సారు ఒకాయన తన బండిని నెలనెలా తెచ్చేవారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆంపియర్ ముల్లు మధ్యకు తెచ్చి, డీకంప్రెషర్ నొక్కి వదిలి, అప్పుడు కిక్కు కొట్టాలి. తప్పితే కిక్కు ఎదురు తన్ని పిక్క వాస్తుంది. పాయింట్లు రుద్దాలి, కార్బొరేటర్ కడగాలి, కారే ఆయిల్ చూసుకోవాలి. ఆ సారుకు బండిలో ప్రతి నట్టూ తెలుసు. పాతదనం అంటే నాకు అక్కడే అర్థమైంది. అది రంగులో లేదు, ఓపికలో ఉంది.

ఇంకో మాట. మన తాతకు బుల్లెట్ లేదు. ఊర్లో ఆ డుగ్‌డుగ్ శబ్దం వినపడితే పటేలో, పోలీసో వస్తున్నాడని మా తాత మంచం దిగి నిలబడేవాడట. ఇప్పుడు షోరూములో మనకు అమ్ముతున్నది ఎవరి తాత జ్ఞాపకం?

"అందుకే మనం నడపాలె" అని మిత్రులు వాదిస్తారు. ఒప్పుకుంటాను. మంచం దిగినవాని మనవడు దర్జాగా నడపాలి. కాని ఇంటి అప్పు తీరకముందే రెండు లక్షల పైమాట బండికి కిస్తీలు కట్టడం దర్జా కాదు. ఆ శబ్దానికి మళ్లీ మనమే నిలబడ్డట్టు.

మనకూ పాత వారసత్వం ఉంది. మా మేనమామ సిరిసిల్లలో జాపర్. అరిగిన మరమగ్గాలను ఏండ్ల తరబడి ఆడిస్తున్నాడు. వాటిని ఎవరూ క్లాసిక్ అనలేదు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ బండి అనిపించుకోవాలంటే 50 ఏండ్లు దాటాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు కట్టాలి, రోజూ రోడ్డెక్కరాదు. మా మామ మగ్గం మాత్రం రోజూ ఆడుతుంది, ఇల్లు నడుపుతుంది.

కాబట్టి తమ్ముళ్లారా, అవసరముంటే, చేతిలో పైసలుంటే కొత్తది కొనండి. చేతులు నల్లబడినా సరేననుకుంటే పాతది తెచ్చుకోండి. ఏది కొన్నా ముందు పానా పట్టడం నేర్చుకోండి. అది మన ఇండ్ల విద్య. దానికి కిస్తీలు లేవు.