తుల్యత అంటే ఎంత తేడాకి?

మనవాళ్ళు నలుగురు కూడిన చోట ఈ మధ్య ఒక కొత్త శాస్త్రం వినబడుతున్నది. ఇక్కడి ఇంటి మీద అప్పు తీసి ఇండియాలో ఎన్.ఆర్.ఇ. డిపాజిట్ వేస్తే, మధ్యనున్న వడ్డీ తేడా అప్పనంగా మనదేనట. డబ్బు ఎక్కడున్నా డబ్బేనట, ఐన్‌స్టీన్ ఈక్వివలెన్స్ సూత్రం లాంటిదేనట! ఐన్‌స్టీన్ పేరు చెప్పగానే అడిగినవాడు నోరు మూసుకుంటాడు. మేము మూసుకోదలచలేదు.

అర్థశాస్త్రంలో అలాంటి సూత్రం ఒకటి ఉన్నమాట నిజమే. వడ్డీల తుల్యత అంటారు. కాని అది చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎక్కువ వడ్డీ ఇచ్చే దేశపు డబ్బు ఆ మేరకు విలువ పడిపోయి లెక్క సరిపోతుందని. అంటే తుల్యత నిజమైతే మీ లాభం సున్న. లాభం వస్తే తుల్యత లేదు. రెండూ ఒకే నోటితో చెప్పడం ఏం న్యాయం?

ఇక ఐన్‌స్టీన్ సంగతి. పైనుంచి పడేవాడికి తన బరువు తెలియదన్న ఊహ ఆయనకు 1907లో తట్టింది. దాన్ని ఎవరూ ఆయన మీద గౌరవంతో ఒప్పుకోలేదు. ఫ్రాన్సువారు 2016లో మైక్రోస్కోప్ అనే ఉపగ్రహాన్ని పంపి, ప్లాటినం, టైటానియం పడే తీరులో తేడా ఉందేమోనని పనిగట్టుకుని వెతికారు. తేడా అంటూ ఉంటే అది పది కోట్ల కోట్లలో కొన్ని పాళ్ళకు మించదని 2022లో తేల్చారు.

మా వైద్యంలో తుల్యత అంత నిక్కచ్చిది కాదు గాని, తన హద్దు తాను చెప్పుకుంటుంది. హైదరాబాదు మాత్రను అసలు బ్రాండుకు బదులు ఇవ్వాలంటే, రక్తంలో చేరే మందు నిష్పత్తి, కొలతలోని అనిశ్చితిని కూడా కలుపుకొని, 80 నుంచి 125 శాతం మధ్య పడాలి. వార్ఫరిన్‌లో కౌమడిన్, మారెవాన్ అని రెండు బ్రాండ్లు. మందు ఒక్కటే. అయినా తుల్యమని రుజువు కాలేదు గనుక ఒకదానికి బదులు ఇంకొకటి ఇవ్వవద్దని ఈ దేశంలో మాకు నేర్పారు.

డబ్బుకు అలాంటి గీత ఎవరు గీశారు? 2008లో ఇక్కడి రిజర్వు బ్యాంకు రేటు 7.25 శాతం, జపాన్‌లో అర శాతం. అక్కడ అప్పుచేసి ఇక్కడ దాచినవాళ్ళు మనకంటే ఘనులే. జూలైలో నూరు యెన్లు దాటిన ఆస్ట్రేలియా డాలరు అక్టోబరులో అరవైకి దిగువన పడింది. ఏళ్ళ తరబడి కూడిన వడ్డీ మూడు నెలల్లో హరించుకుపోయింది.

రూపాయి సంగతి చూడండి. 1966 జూన్‌లో విలువ తగ్గించాక ఆస్ట్రేలియా డాలరు ఎనిమిది రూపాయల పైచిలుకు. 2024లో 55 అటూ ఇటూ. సగటున ఏటా మూడు శాతం పైగా జారింది, అదీ ఒక క్రమం లేకుండా. ఇక్కడి అప్పు మాటో? 2020 నవంబరులో 0.10 శాతమున్న రిజర్వు బ్యాంకు రేటు, 2022 మే నుంచి పదమూడుసార్లు పెరిగి 2023 నవంబరుకు 4.35 అయింది. పైగా ఎన్.ఆర్.ఇ. వడ్డీకి ఇండియాలో పన్ను లేదు గాని, ఇక్కడ నివాసమున్నవారు ఇక్కడ కట్టవలసిందే. భోజనాల దగ్గర ఈ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇల్లు ఇద్దరిదైతే ఆ అప్పు కాగితాల మీద ఇంటావిడ సంతకం కూడా ఉంటుంది. ఆమెను కూర్చోబెట్టి ఈ లెక్కంతా చెప్పినవారు మనలో ఎందరు?