మెతూషెల వయసుకు సైన్సు సాక్ష్యం దేనికి?

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి బండ మీద జినుల బొమ్మలను, చక్రేశ్వరిని చెక్కించాడు. అక్కడి శాసనంలోని కంద పద్యాల వల్ల సాహిత్యం చదివినవాళ్లందరికీ ఆ గుట్ట పరిచయమే. చక్రేశ్వరి తొలి తీర్థంకరుడైన ఆదినాథుని యక్షి. జైన గ్రంథాల ప్రకారం ఆ ఆదినాథుని ఆయుష్షు 84 లక్షల పూర్వాలు. ఒక్క పూర్వమే 70 లక్షల కోట్ల ఏండ్ల పైమాట. తర్వాతి తీర్థంకరుల ఆయుష్షు దిగుతూ వచ్చి నేమినాథునికి వెయ్యేండ్లు, పార్శ్వనాథునికి నూరు, మహావీరునికి 72 అయింది. ఇక బైబిల్ చూడండి. ఆదాము 930, మెతూషెల 969, అబ్రాహాము 175, మోషే 120. 90వ కీర్తనకు వచ్చేసరికి మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై. సుమేరియా రాజుల పట్టికలో మొదటి రాజు అలులిం ఒక్కడే 28,800 ఏండ్లు ఏలాడు. మూలపురుషులకు అంతులేని ఆయుష్షు, తమ కాలానికి దగ్గరపడేకొద్దీ మామూలు ఆయుష్షు: ప్రాచీనులు తొలినాళ్ల గొప్పతనాన్ని చెప్పుకున్న పద్ధతి ఇది. బైబిల్ తొలి గ్రంథమైన ఆదికాండంలోని వయసులను కూడా అలాగే చదవాలని, వాటికి సైన్సు ఆమోదముద్ర వెతకడం అనవసరమని నా వాదన.

ఆ ముద్ర కోసం జరిగే ప్రయత్నాలకు మాత్రం కొదవ లేదు. అప్పట్లో నెలనే ఏడాది అనేవారని, ఆ లెక్కన మెతూషెల 78 ఏండ్లకు పోయాడని ఒక సర్దుబాటు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మెతూషెల పూర్వీకుడు మహలలేలు 65వ ఏట తండ్రి అయ్యాడని, మెతూషెల వయసు చెప్పిన ఆదికాండం అధ్యాయమే చెబుతోంది. నెలల లెక్క కడితే అప్పటికి ఆయనకు ఆరో ఏడు కూడా నిండదు! పైగా జలప్రళయ కథలో రెండో నెల, ఏడో నెల, పదో నెల అని తేదీలతో సహా ఉంది. ఏడాదిలో ఎన్నో నెలలున్నాయని రాసినవాళ్లకు తెలుసు. ఏడాదిని కుదించే ఇలాంటి లెక్కలను పదహారు వందల ఏండ్ల కిందటే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తోసిపుచ్చాడు. ఆయన ఆ వయసులను అక్షరాలా నమ్మినవాడే, అయినా లెక్క మార్చడానికి ఒప్పుకోలేదు.

జలప్రళయానికి ముందు భూమి చుట్టూ నీటి ఆవిరి పొర ఉండి హానికర కిరణాలను ఆపిందనేది మరో వాదన. ఎండ చర్మాన్ని ముడతలు పడేస్తుంది, నిజమే. కానీ ముసలితనం ఎండ ఒక్కదానివల్ల రాదు. కణాల లోపల పేరుకునే నష్టం వల్ల వస్తుంది. నీడపట్టున బతికినంత మాత్రాన ఎవరూ మూడు వందల ఏండ్లు ఉండరు. అంత ఆవిరి నిజంగా ఉంటే కింద భూమి ఉడికిపోతుంది కూడా. ఇక మనిషి ఎన్నాళ్లు బతకగలడంటే, రికార్డులతో నిలిచిన అత్యధిక వయసు ఫ్రాన్సుకు చెందిన జాన్ కల్మాది: 122 ఏండ్లు. స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో సగటు ఆయుష్షు సుమారు 32, ఇప్పుడు డెబ్బై దాకా వచ్చింది. పసిపిల్లల చావులు, అంటురోగాలు తగ్గడం దీనికి ముఖ్య కారణం. మనిషి ఆయుష్షు గరిష్ఠ హద్దు మాత్రం ఏమంత జరగలేదు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న ఆధారం బైబిల్లోనే ఉంది. ఆదికాండం అయిదో అధ్యాయంలో ఆదాము నుంచి లెమెకు దాకా తొమ్మిది మందికి మూడేసి అంకెలున్నాయి: కొడుకు పుట్టినప్పటి వయసు, ఆ తర్వాత బతికిన ఏండ్లు, మొత్తం. ఈ 27 అంకెల్లో 18 సున్నాతోనో అయిదుతోనో ముగుస్తాయి. 1, 3, 4, 6, 8తో ముగిసేది ఒక్కటీ లేదు. చావుపుట్టుకల రిజిస్టరు నుంచి తీసిన అంకెలు ఇలా ఉండవు. ఒక పద్ధతి ప్రకారం కూర్చినవే ఇలా ఉంటాయి. పైగా ప్రాచీన ప్రతుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. హీబ్రూ ప్రతిలో 969 ఏండ్లున్న మెతూషెల సమరయుల ప్రతిలో 720కే చనిపోతాడు.

దేవుడు తలుచుకుంటే తొమ్మిది వందల ఏండ్లు ఇవ్వలేడా అని విశ్వాసులు అడగవచ్చు. ఇవ్వగలడనే నమ్మండి, అది విశ్వాసం. దానికి సైన్సు రుజువు ఉందని చెప్పినప్పుడే పేచీ. అయితే ఒక అంకెను అక్షరాలా తీసుకోకపోతే రేపు యేసు పునరుత్థానాన్నీ కాదనాల్సి వస్తుందన్న భయం ఇంకా గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ వంశావళి వేరు, సువార్త వేరు. పునరుత్థానాన్ని సువార్తలు కళ్లతో చూసినవారి సాక్ష్యంగా చెబుతాయి. మెతూషెల వయసుకు అలాంటి సాక్షిని ఆదికాండం ఎక్కడా పేర్కొనదు.

ఇక ఈ అంకెలు చూసి క్రైస్తవులను వెక్కిరించేవాళ్లకూ ఒక మాట. వాల్మీకి రామాయణంలో విశ్వామిత్రుడు రాముణ్ణి పంపమని అడిగినప్పుడు, తనకు అరవై వేల ఏండ్లు వచ్చాయని, ఈ వయసులో కొడుకును పంపలేనని దశరథుడు బతిమాలుకుంటాడు. అక్కడ మనకు తండ్రి గుండెకోతే వినిపిస్తుంది, ఎవరూ క్యాలెండరు తెరవరు. ఆదికాండం చదివేటప్పుడూ ఆ మాత్రం మర్యాద చూపవచ్చు.